శ్రీమంతుల పందెం, పలక కార్మికుని పన్ను



ఆసియాలో అగ్రశ్రీమంతుడెవరన్నది పత్రికలకు తీరని వినోదం. 2022 ఫిబ్రవరిలో గౌతమ్ అదానీ ముకేశ్ అంబానీని దాటారని రాశారు; 2023 జనవరిలో హిండెన్‌బర్గ్ నివేదిక వెలువడ్డాక కిందికి జారారని రాశారు. ఇది మనకు దూరపు ముచ్చట కాదు. పొరుగున ఉన్న కృష్ణపట్నం ఓడరేవు అదానీలది. మన పి.సి.పల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పరిశ్రమ రావాలనే మనమూ కోరుకుంటాము. పిల్లలు వలసపోయిన ఇళ్లు మనవే. అయితే ఆర్జించినదానిలో వారు ఎంత చెల్లిస్తున్నారని అడగడం అసూయ కాదు.

మన దేశంలో సంపద పన్ను 1957లో వచ్చింది. 1993 నుంచి కంపెనీ వాటాలను దాని నుంచి తప్పించారు. నగలు, కార్లు, పట్టణ స్థలాల వంటివి మిగిలాయి. కుబేరుల సంపద ఉండేదే వాటాల్లో కదా! 2013-14లో వసూలైనది 1,008 కోట్లు. వసూలు తక్కువ, శ్రమ ఎక్కువ అంటూ 2015 బడ్జెట్‌లో ఆ పన్నునే ఎత్తివేశారు. కుండకు చిల్లి పెట్టి, నీళ్లు నిలవడం లేదని కుండనే పగలగొట్టినట్లయింది. వారసత్వ ఆస్తిపై పన్ను 1985లోనే పోయింది. 2019లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దిగింది. దస్త్రాల మధ్య తల నెరసిన మాబోటి గుమాస్తాలకు మాత్రం జీతం చేతికందక ముందే కోత పడేది. ఏ బడ్జెట్టూ మమ్మల్ని మరచిపోలేదు.

మార్కాపురం పలకల యూనిట్లో రాతిధూళి పీల్చే కూలీ సబ్బుబిళ్ల కొంటే, దానిపై జీఎస్టీ రేటు అతనికీ అంబానీకీ ఒక్కటే. 2022-23 నాటికి దేశ సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉందని ప్రపంచ అసమానతల పరిశోధకులు లెక్కగట్టారు.

జకాత్ లెక్క వేసుకునే మనకు ఈ విషయం బోధపడటం కష్టం కాదు. నివసించే ఇంటికి, చేతివృత్తి పనిముట్లకు జకాత్ లేదు. నిల్వ ధనానికి, వ్యాపారపు సరుకుకు ఉంది, ఏటా రెండున్నర శాతం. మన చట్టం సరిగ్గా తలకిందులుగా నడిచింది.

పన్ను వేస్తే పెట్టుబడి పారిపోతుందంటారు. ఆ భయం పూర్తిగా అబద్ధం కాదు. అందుకే 2024లో బ్రెజిల్ అధ్యక్షతన జీ-20 దేశాలు అతిశ్రీమంతుల పన్నుపై ఉమ్మడిగా నడవాలన్న మాట ఎత్తాయి. ఒక్క దేశం వేస్తే పారిపోతారు. అందరూ వేస్తే ఎక్కడికి పోతారు?

డబ్బు లేదన్న మాట మనం వెలిగొండ దగ్గర ముప్ఫై ఏళ్లుగా వింటున్నాము. 1996లో శంకుస్థాపన, 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేసిన నాటికి కూడా గిద్దలూరు, మార్కాపురం చేలకు చుక్క నీరు చేరలేదు.

మన పార్లమెంటు సభ్యునికి ఇవ్వవలసిన వినతిపత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ సిద్ధమైంది. వాటాలతో సహా సంపద పన్నును తిరిగి తేవాలన్నది మొదటి కోరిక. దివాకరపల్లి ప్లాంటుకు ఇచ్చిన రాయితీలెన్ని, స్థానికులకు వచ్చే కొలువులెన్ని అన్నది రెండో ప్రశ్న. సంతకాల పుస్తకం ద్వారం వద్ద ఉంది. అక్కచెల్లెళ్లకు వేరే పుస్తకం పెట్టాము, వారి సంతకాలే ముందు జతచేస్తాము.