గృహజ్యోతి: ఎండాకాలంలో 200 యూనిట్లు దాటకుండా ఏం చేయాలి?
(లబ్ధిదారుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి జీరో బిల్లులు ఇస్తున్నారు. నెలకు 200 యూనిట్ల లోపు వాడితే మీరు కట్టేది ఏమీ లేదు. ఆ డబ్బు మీ తరఫున రాష్ట్ర ప్రభుత్వం డిస్కంలకు కడుతుంది. అయితే ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. 201 యూనిట్లు కాలితే ఆ ఒక్క యూనిట్‌కే బిల్లు అనుకోవద్దు, మొత్తం 201 యూనిట్లకూ కట్టాలి. అది వెయ్యి రూపాయలు దాటుతుంది. ఆ బిల్లు కట్టకుండా బాకీ పెడితే, బాకీ తీరేదాకా జీరో బిల్లు ఆగిపోతుంది.

చలికాలంలో ఈ భయం లేదు. ఎండలు ఏటేటా ముదురుతున్నాయి, రాత్రిపూట కూడా వేడి తగ్గడం లేదు. ఫ్యాన్లు, కూలర్లు ఆగవు. అందుకే ఏప్రిల్, మే నెలల్లోనే చాలామంది గీత దాటుతున్నారు.

ఒక లెక్క చూద్దాం. పాత ఫ్యాన్ 75 వాట్లు. రోజంతా తిరిగితే నెలకు 54 యూనిట్లు, రెండు ఫ్యాన్లకు 108. 180 వాట్ల కూలర్ రోజుకు 10 గంటలు నడిస్తే 54. ఫ్రిజ్‌కు సుమారు 30. టీవీకి 12. నాలుగు ఎల్‌ఈడీ బల్బులకు 6 నుంచి 7. నీళ్ల మోటారు రోజూ అరగంటకు 11. కలిపితే 221. గీత దాటినట్టే!

అదే ఇంట్లో రెండు పాత ఫ్యాన్లు తీసి 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే, 108 కాస్తా 40కి దిగుతుంది. మొత్తం 154లోపే. గాలి తగ్గదు. ఫ్యాన్ ధర ఎక్కువే, కాదనను. రెండూ ఒకేసారి కొనలేకపోతే ఎక్కువసేపు తిరిగేది ముందు మార్చండి. అంతమాత్రానికే లెక్క 187కు వస్తుంది.

ఇల్లు చల్లబడితే కరెంటు కూడా మిగులుతుంది. రాష్ట్రంలో 2023లో కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. దాని సూత్రం తేలికే: తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. స్లాబ్ మీద ఎండాకాలం ముందే సున్నం వేసినా ఇంట్లో వేడి తగ్గుతుంది.

సొంత డాబా ఉన్నవాళ్లు పీఎం సూర్యఘర్ గురించి ఆలోచించవచ్చు. ఇది కేంద్ర పథకం. 1 కిలోవాట్‌కు రూ.30 వేలు, 2 కిలోవాట్లకు రూ.60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన రూ.78 వేలు సబ్సిడీ. 1 కిలోవాట్ ప్యానెల్ మంచి ఎండలో రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. దరఖాస్తు జాతీయ పోర్టల్‌లోనే చేయాలి. ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లను నమ్మకండి.

ఇంక మీరు చేయాల్సినవి:

1. బిల్లు తీసిన రోజు రీడింగ్ రాసిపెట్టుకోండి. పదిహేనో రోజు మళ్లీ చూడండి. తేడా 100 దాటితే అప్పటి నుంచే జాగ్రత్త పడండి.

2. బిల్లు మీద పాత రీడింగ్, కొత్త రీడింగ్, తేదీలు మీటరుతో సరిచూసుకోండి. తేడా ఉంటే 1912కు ఫోన్ చేయండి.

3. 200 లోపే వాడినా జీరో బిల్లు రాకపోతే రేషన్ కార్డు, ఆధార్, కరెంటు బిల్లు తీసుకుని ప్రజాపాలన సేవా కేంద్రానికి వెళ్లండి. ఊళ్లలో అది మండల పరిషత్ కార్యాలయంలో, పట్టణాల్లో మున్సిపల్ కార్యాలయంలో ఉంటుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకూ ఈ పథకం వర్తిస్తుంది.

చివరగా ఒక మనవి. బిల్లు భయంతో ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్న గదిలో ఫ్యాన్ ఆపకండి. వడదెబ్బ తగిలితే అయ్యే ఖర్చు ముందు ఆ బిల్లు ఎంత? ఆపాల్సింది ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాన్‌ను. మీకు తెలిసిన ఈ నాలుగు మాటలు పక్కింటివాళ్లకూ చెప్పండి.