ఉమ్మడి పాఠము – సొంత ప్రతి
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠము)



2006వ సంవత్సరపు చట్టము వచ్చినది మొదలు మన పిల్లలు తమిళమును తప్పనిసరిగా నేర్చుచున్నారు. ఈ నాట నివసించువారికి ఆ భాష రావలసినదే. అందులకు మాకు చింత లేదు. చింత యెల్ల తెలుగు పాఠములగూర్చియే. తెలుగు మాధ్యమమున అభ్యాస పుస్తకములు ఇచటి అంగళ్లలో దొరకుట అరుదు. కావున మన ఉపాధ్యాయులే ప్రశ్నలు, వివరణలు, పదపట్టికలు వ్రాసి, పాఠశాలలోని యొక కంప్యూటరునందు గిట్టీ అను సర్వరులో భద్రపరచుచున్నారు. ఈ గిట్టీ 2016లో గాగ్స్ అను మరియొక సాధనమునుండి చీలి వచ్చినది. 2022లో దీనినుండి ఫోర్జేయో చీలినది. అందులకు ఎవ్వరును దొంగలనిపించుకొనలేదు. మూలకర్తలే అట్టి యనుమతిని ముందుగా నిచ్చియుండిరి.

ఇట్లొకరి పనికి నకలు దీసికొని, మన అరలో నుంచుకొని, మార్పులు చేసికొనుటకే ఫోర్కు అని పేరు. మూలము చెక్కుచెదరదు. మార్పు బాగున్నదని తోచినచో మూలములో కలుపుడని కోరవచ్చును. కలుపుటయో మానుటయో మూలమును కాపాడువారి యిష్టము. తాళపత్రముల కాలమున మన లేఖకుల చేతిలో జరిగినదియు నించుమించుగా నిట్టిదే. ప్రతి ప్రతికిని పాఠాంతరములు పెరిగినవి. బ్రౌను దొర వేమన పద్యముల ప్రతులను సేకరించి, సరిచూచి, 1829లో అచ్చు వేయించెను. ఆయన పడిన శ్రమ మనకు లేదు. ఏ పంక్తిని ఎవరు ఏనాడు మార్చిరో గిట్ తానే లెక్క వ్రాసికొనును.

ఇక వివాదమునకు వత్తము. "మా పిల్లవానికి సొంత అర యేల ఇయ్యరు?" అని కొందరు అడిగిరి. "అసలు నకలే తీయనీయకుడు, చదువు మాని ఆటలు చేర్తురు" అని మరికొందరు అనిరి. సర్వరులో ఈ రెంటికిని వేర్వేరు కట్టడులు గలవు. ఒక్కొక్కరు ఎన్ని సొంత అరలు తెరువవచ్చుననునది ఒకటి. దానిని సున్న చేసినచో ఎవ్వరును క్రొత్త అర తెరువజాలరు. ఆ పరిమితితో నిమిత్తము లేక ఫోర్కు చేయనిచ్చుట రెండవది. మేము మొదటిదానిని సున్న చేసి, రెండవదానిని తెరచి యుంచితిమి.

కంప్యూటరు పాతది, డిస్కు చిన్నది. సినిమాలతో నిండినచో పాఠములకు చోటుండదు. ఫోర్కులో మాత్రము సినిమా పెట్టరాదా యని మీరడుగవచ్చును. పెట్టవచ్చును. కాని ఆ నకలు ఏ పాఠమునుండి పుట్టినదో పైననే వ్రాసియుండును గనుక, మూలముతో పోల్చి చూచుట ఉపాధ్యాయునకు క్షణములో పని.

నకలు తీయుటను నిషేధించియుండినచో ఏమి పోగొట్టుకొనెడివారమో చెప్పెదము. ఘర్షణమునుగూర్చిన పాఠములో మేము బండిచక్రమును, కందెనను ఉదాహరించితిమి. గుడియాత్తమునుండి వచ్చు ఒక నేతవారి బిడ్డ తన ప్రతిలో, పడుగు దారములకు గంజి పెట్టుట ఎందులకో వ్రాసినది: మగ్గముపై ఒరసికొని దారము పీచులేచి తెగకుండుటకట! ఆ వాక్యములలో రెండు అక్షరదోషములుండెను; విషయమున దోషము లేదు. దిద్ది మూలములో కలిపితిమి. ఆ మార్పు ఆ బిడ్డ పేరుతోనే నిలిచియున్నది. వేలూరు పిల్లలు నేడు గంజి సంగతి ఆ పాఠముననే చదువుచున్నారు.

ఒక విషయమున మాత్రము మేము కఠినముగానే యుందుము. మార్కులు, ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు ఆ సర్వరులో నుంచము. ఒకసారి నకలు తీసికొన్నవానికి పిమ్మట మూలమును చూచు అనుమతి తొలగించినను, వానియొద్ద నున్న ప్రతి వానియొద్దనే యుండును. 2023 నాటి సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలురుగానే యెంచినది.

పదవ తరగతివారిలో ఎవరికైన సొంతముగా క్రొత్త పని ఆరంభించు కోరిక యున్నచో, ఆ పని యేమో ఒక కాగితముపై వ్రాసి గణితోపాధ్యాయునకు ఈయవలెను. ఆ విద్యార్థి కొక్కనికి పరిమితిని సున్ననుండి ఒకటికి పెంచెదము. కాగితముపై తల్లి గాని తండ్రి గాని సంతకము చేయవలెను. తెలుగులోనైనను తమిళములోనైనను సరియే.