ప్లాస్టిక్ గొట్టాలు: ఏది దేనికి?
(బేగంపేట సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను, ఫైళ్ళు నడిపిన గుమస్తాను. కానీ మన పిల్లలు కొందరు బాలానగర్, జీడిమెట్లలో చిన్న కార్ఖానాలు నడుపుతున్నారు. మన గ్రాట్యుటీ సొమ్మూ వాటిలోనే ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు.

గొట్టం కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: లోపల పారేది ఏమిటి? ఎంత వేడి? ఎంత ఒత్తిడి?

పి.వి.సి. చవక, తుప్పు పట్టదు, చన్నీళ్ళకు భేషైనది. దానిపై వేసే ఒత్తిడి అంకె 27 డిగ్రీల లెక్క. వేడి పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. 60 డిగ్రీలు దాటితే పనికిరాదు. వేడినీళ్ళకు సి.పి.వి.సి. వేయాలి, అది 93 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. అసిటోన్ వంటి ద్రావకాలు ఈ రెండింటినీ మెత్తబరుస్తాయి. హెచ్.డి.పి.ఇ. వంగుతుంది గాని తేలికగా పగలదు. భూమిలో వేయడానికి మంచిది. చాలా ఆమ్లాలకు, క్షారాలకు పాలీప్రొపిలీన్ నిలుస్తుంది. గాఢ నత్రికామ్లానికి మాత్రం నిలవదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి: కంప్రెసర్ గాలికి పి.వి.సి. వేయరాదు. నీటి గొట్టం పగిలితే నీరు కారిపోతుంది, అంతే. గాలి స్ప్రింగులా అణిగి ఉంటుంది. గొట్టం పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. అక్కడ ఉక్కు గొట్టమే క్షేమం.

ఐ.ఎస్.ఐ. గుర్తుతోబాటు నంబరూ చూడండి: పి.వి.సి.కి 4985, సి.పి.వి.సి.కి 15778, హెచ్.డి.పి.ఇ.కి 4984.

మీ పిల్లలను గాలి లైను దేనితో వేశారో ఒక్కసారి అడగవలసిందిగా మనవి. సెలవు.