కోణాలు ఆకారం చెబుతాయి, గొలుసు కొలత చెబుతుంది

మన నారాయణఖేడ్‌కు దగ్గర్లోనే, బీదర్ వైపు, దామరగిద్ద ఉంది. 1815లో విలియం లాంబ్టన్ సర్వే బృందం ఆ పరిసరాల్లో ఒక ఆధార రేఖను ఉక్కు గొలుసుతో కొలిచింది. దేశాన్ని కొలవడానికి వచ్చినవాళ్లకు ఒక్క గీతతో ఏం పని? అక్కడే ఉంది కిటుకు. త్రిభుజం కోణాలు తెలిస్తే ఆకారం ఖాయం. అది చిన్నదో పెద్దదో మాత్రం తెలియదు. ఒక్క భుజం కొలిస్తే అదీ తేలిపోతుంది. కోణాలు ఒకటే అయి, పరిమాణం వేరైనా సరే, అవి సరూప త్రిభుజాలే.

పటం కూడా నేలకు సరూపమే. 1:50,000 స్కేలు పటంలో 2 సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. కోణాలు మారవు, పొడవులన్నీ ఒకే లెక్కన పెరుగుతాయి. పిల్లలు తడబడేది వైశాల్యం దగ్గరే. పొడవులు రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది. ఆ పటంలో గోరంత చదరపు సెంటీమీటరు, నేల మీద 25 హెక్టార్లు. మన లెక్కలో దాదాపు 62 ఎకరాలు!