మగవారి ఆపరేషన్: మీ సందేహాలు, మా జవాబులు



మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె తీరంలో వేటకు పోయే మగవారికి వచ్చే మొదటి సందేహం ఇదే.

"వేసెక్టమీ చేయించుకుంటే మళ్ళీ వల లాగగలనా?"

తప్పక లాగగలరు. వృషణాలను తీసివేయరు. బీజకణాలు వచ్చే రెండు సన్నని నాళాలను మాత్రమే మూసివేస్తారు. మగతనాన్నిచ్చే హార్మోను నేరుగా రక్తంలో కలుస్తుంది. కాబట్టి బలమూ తగ్గదు, దాంపత్య సుఖమూ తగ్గదు.

"ఎన్నాళ్ళు పని మానాలి?"

మత్తు సూది వేసి అరగంటలోపే ముగిస్తారు. అదేరోజు ఇంటికి పోవచ్చు. రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి. వారం దాకా వల, తెడ్డు, బరువులు, సైకిలు వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎటూ వేట నిషేధమే గదా! అప్పుడు చేయించుకుంటే వేట నష్టపోరు. వాపు, జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి రండి.

"ఆ రోజునుంచే గర్భం రాదా?"

అలా అనుకోవద్దు. నాళాల్లో బీజకణాలు ఇంకా మిగిలి ఉంటాయి. మూడు నెలలు నిరోధ్ వాడండి. తర్వాత వీర్యం పరీక్ష చేయించుకొని, డాక్టరు చెప్పాకనే మానండి. ఈ సంగతి తెలియక, నెల తప్పిన ఇల్లాలిని అనుమానించి పచ్చని కాపురం పాడుచేసుకోవద్దు.

"ఆమే చేయించుకోకూడదా?"

చేయించుకోవచ్చు. కానీ ఆమెకు పొట్టమీద గాటు పెట్టాలి. మీది అంతకంటే చిన్న ఆపరేషన్.

ఒక్కమాట. ఇది శాశ్వత పద్ధతి, నాళాలను మళ్ళీ కలపడం కష్టం. ఇంకా బిడ్డలు కావాలనుకుంటే కాపర్-టి, అంతర సూది, ఛాయ మాత్రల గురించి అడగండి. ఆలుమగలు కూర్చొని మాట్లాడుకోండి. ఇద్దరూ కలిసి రండి.