రాష్ట్రపతిపై విచారణ - పక్షాభిమానము - న్యాయము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఊరిలో తగవు పుట్టినప్పుడు పెద్దలు రచ్చబండపై కూర్చుందురు. తీర్పు ఏ వైపునకు వచ్చినను ఓడినవాడు దానికి తలయొగ్గి యింటికి పోవలెనన్నచో ఒక నియమము తప్పరాదు. అతని మాటయు పదిమంది యెదుట వినబడవలెను. వినకుండ చెప్పిన తీర్పు సరియైనదే యైనను తగవును తీర్చజాలదు. మరియొక తగవునకు విత్తనము మాత్రము వేయును. గ్రామమునకు చెల్లు నీ నియమమే దేశాధ్యక్షుని పదవినుండి తొలగించు విచారణకును చెల్లును. అక్కడ విచారించువారు పక్షములుగా చీలియున్నవారే యగుటచేత దానిని పాటించుట మిక్కిలి కష్టము.

భారత రాజ్యాంగమునందలి 61వ అధికరణము ఈ విచారణ పద్ధతిని నిర్ణయించుచున్నది. రాష్ట్రపతిపై మోపదగిన అభియోగ మొక్కటే: రాజ్యాంగోల్లంఘనము. ఏ సభ అభియోగము తేదలచునో ఆ సభ మొత్తము సభ్యులలో నాలుగవ వంతుకు తగ్గకుండ సంతకములు చేసి, 14 దినములకు ముందుగా లిఖితపూర్వకమైన నోటీసు నీయవలెను. ఆ సభ మొత్తము సభ్యత్వములో మూడింట రెండు వంతుల మంది తీర్మానము నంగీకరింపవలెను. అటుపిమ్మట విచారణ జరుపునది రెండవ సభ. అచ్చట రాష్ట్రపతి స్వయముగా గాని, న్యాయవాది ద్వారా గాని తన వాదమును వినిపించుకొను హక్కు కలదు. రెండవ సభయు మూడింట రెండు వంతుల బలముతో అభియోగము రుజువైనదని తీర్మానించినచో, ఆ దినము నుండియే పదవి పోవును.

ఇందలి ప్రతి మెట్టునకును ఒక ప్రయోజనము కలదు. 14 దినముల గడువు ఆవేశము చల్లారుటకు. నాలుగవ వంతు సంతకములు ఏ యొక్కరి పగయు అభియోగముగా మారకుండుటకు. ఆరోపించు సభ వేరు, విచారించు సభ వేరగుట, వాది తానే న్యాయమూర్తి కాకుండుటకు. ఇంత కట్టుదిట్టముగా రచింపబడిన ఈ అధికరణము క్రింద నేటివరకు ఏ రాష్ట్రపతియు తొలగింపబడలేదు.

అయితే రాష్ట్రపతి పదవియే న్యాయస్థానమున ప్రశ్నింపబడిన సందర్భ మొకటి కలదు. అందలి ప్రధాన పురుషు లిరువురును తెలుగువారే. ఒకరు శ్రీ వరాహగిరి వెంకటగిరిగారు, రెండవవారు శ్రీ నీలం సంజీవరెడ్డిగారు. గిరిగారు శ్రీకాకుళమునకు పొరుగున నున్న బరంపురమున 1894లో జన్మించిరి. 1952లో పాతపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రియైరి. బ్యాంకు ఉద్యోగుల వివాదములో ప్రభుత్వ నిర్ణయమును సమ్మతింపక 1954లో మంత్రిపదవిని వదలుకొనిరి.

1957లో గిరిగారు పార్వతీపురము నుండి పోటీచేసిరి. అది ఆనాడు ద్విసభ్య నియోజకవర్గము. ఒక స్థానము షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినది, రెండవది సామాన్య స్థానము. ఓట్లు లెక్కించగా మొదటి యిరువురును షెడ్యూల్డు తెగల అభ్యర్థులే యైరి: శ్రీ బి. సత్యనారాయణ, శ్రీ డిప్పల సూరిదొర. గిరిగారు స్వల్పమైన తేడాతో మూడవవారైరి. ప్రత్యేక స్థానమునకు నిలిచినవారికి సామాన్య స్థానము నెట్లీయవచ్చునని వారు ప్రశ్నించిరి. వివాదము సుప్రీంకోర్టు వరకు పోయెను. 1959లో అధిక సంఖ్యాక న్యాయమూర్తులు గిరిగారి వాదమును త్రోసిపుచ్చి సూరిదొరగారి ఎన్నికను నిలిపిరి. మన్యపు బిడ్డ యొకడు మాజీ కేంద్రమంత్రికి ఎదురుగా నిలిచి సామాన్య స్థానమును సైతము నిలుపుకొనగలిగెను. పిమ్మట 1961లో ద్విసభ్య నియోజకవర్గములు చట్టముచే రద్దయ్యెను. ఓడిన గిరిగారు తీర్పునకు తలయొగ్గిరి. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది; ఏలయన కాలచక్రము తిరిగి, 11 ఏండ్లకు వారే ప్రతివాది స్థానమున నిలువవలసి వచ్చెను.

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ మరణించిరి. కాంగ్రెసు పక్షము సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించెను. ఉపరాష్ట్రపతిగా నున్న గిరిగారు స్వతంత్రముగా పోటీకి దిగిరి. ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయుడని పక్షీయులను కోరెను. పక్షము నిర్ణయించిన అభ్యర్థిని పక్ష నాయకురాలే విడనాడుట అధర్మమని ఒక వర్గము వాదించెను. పక్షాధ్యక్షులు నిజలింగప్పగారు రెండవ ప్రాధాన్యపు ఓట్లకై స్వతంత్ర, జనసంఘ పక్షములతో మంతనములు జరుపుట అధర్మమని రెండవ వర్గము వాదించెను. ఇరువర్గముల నోటను ధర్మమను మాటయే. ఓట్ల లెక్కింపులో మొదటి ప్రాధాన్యముచే ఎవరికిని కావలసిన ఓట్లు రాలేదు. రెండవ ప్రాధాన్యములను కలుపగా గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 విలువగల ఓట్లు లభించెను. ఆ సంవత్సరాంతములోపలనే కాంగ్రెసు రెండుగా చీలెను.

గిరిగారి ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో పిటిషన్లు దాఖలయ్యెను. వానిలో ముఖ్యమైన ఆరోపణ, సంజీవరెడ్డిగారిని నిందించుచు, ప్రచురించినవారి పేరు లేకుండ పంచబడిన ఒక కరపత్రమును గూర్చినది. 1970లో రాష్ట్రపతి పదవియందుండియే గిరిగారు స్వయముగా న్యాయస్థానమునకు వచ్చి సాక్ష్యమిచ్చిరి, పిటిషనుదారుల న్యాయవాదుల ప్రశ్నలకు బదులు చెప్పిరి. జస్టిస్ సిక్రీ నాయకత్వమున ఐదుగురు న్యాయమూర్తులు విచారించి పిటిషన్లను కొట్టివేసిరి. కరపత్రము పంచబడినదే గాని, అది గిరిగారి వలన గాని వారి యెరుకతో గాని జరిగినట్లు రుజువు కాలేదని వారి నిర్ణయము.

ఆ తీర్పు అందరికిని రుచించినదని చెప్పుటకు వీలులేదు. కాని వాదములు బహిరంగముగా వినబడెను, సాక్షులు పరీక్షింపబడిరి, కారణములు వ్రాతపూర్వకముగా వెల్లడియయ్యెను. సంజీవరెడ్డిగారు అనంతపురమునకు మరలి సేద్యము చేసికొనిరి. 1977లో వారే పోటీలేకుండ రాష్ట్రపతిగా ఎన్నికైరి. 1979 ఆగస్టులో వారు బాబూ జగజ్జీవనరామ్‌గారిని మంత్రివర్గ నిర్మాణమునకు పిలువక లోక్‌సభను రద్దుచేయగా, జనతాపక్షీయులు తీవ్రముగా ఆక్షేపించిరి. విచిత్రమేమనగా, అభియోగము విచారింపవలసిన రెండు సభలలో ఒకటి అప్పుడు లేనే లేదు. ఆ వివాదమును 1980 ఎన్నికలలో ప్రజలే ముగించిరి.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ సమస్య మరింత ముదిరి కనబడును. అచ్చట దిగువ సభలో సామాన్యాధిక్యముతోనే అభియోగము మోపవచ్చును. సెనేటులో మూడింట రెండు వంతులు కావలెను. 1868లో ఆండ్రూ జాన్సను అను అధ్యక్షునిపై 35 మంది దోషియనియు, 19 మంది కాడనియు ఓటు వేసిరి. ఒక్క ఓటు తక్కువై ఆయన పదవి నిలిచెను. ఆయన ప్రత్యర్థి పక్షమువారే ఏడుగురు తమ పక్షమును కాదని ఓటు వేయుటచేతనే అది సంభవించెను. 2020లో డొనాల్డు ట్రంపుపై విచారణ జరిగినప్పుడు సాక్షులను పిలువరాదని సెనేటు 51-49 ఓట్లతో నిర్ణయించెను. సాక్షులు లేని విచారణ విచారణయే కాదని డెమొక్రాట్లు పలికిరి. దిగువ సభలో ఆరంభమునుండి అధ్యక్షుని న్యాయవాదులకు తావీయకపోవుటయే అసలు అన్యాయమని రిపబ్లికన్లు పలికిరి. 2021లో రెండవ విచారణ జరిగెను. 57 మంది దోషియనినను, కావలసిన 67 ఓట్లు రాలేదు. రెండు పర్యాయములును ఆయన నిర్దోషిగా విడువబడెను; రెండు పర్యాయములును దేశములో సగము మందికి సంతృప్తి కలుగలేదు.

ఇట్టి వివాదములలో ఏ పక్షము చెప్పినది సత్యమని పాఠకు డెట్లు తేల్చుకొనవలెను? అందుకు ఒక చిన్న పరీక్ష చాలును. పేర్లను తారుమారు చేసి చూడవలెను. నిందితుడు తనవాడైనను ఇదే గడువు, ఇదే సాక్ష్యము, ఇదే ఓట్ల లెక్క సమ్మతమేనా? సమ్మతమన్నచో అది న్యాయబుద్ధి. కాదన్నచో అది పక్షాభిమానము మాత్రమే. 1959లో వాదిగా ఓడిన గిరిగారు 1970లో ప్రతివాదిగా అదే న్యాయస్థానము మెట్లెక్కుట ఈ పరీక్షకు సజీవ దృష్టాంతము.

గ్రంథాలయమునకు ఈ విషయముతో సంబంధ మున్నది. ఒకే పక్షపు పత్రికను చదువువాడు తీర్పును ముందే పొందును. విచారణను తరువాత వెదకికొనును. ఒక బల్లపై రెండు పక్షముల పత్రికలను, వాని ప్రక్కనే తీర్పుల ప్రతులను ఉంచు గ్రంథాలయము ఊరికి రెండవ రచ్చబండ. ఇరువాదములు వినుట అచ్చటనే అలవడును. ఊరిలో ఆ యలవాటు పాదుకొనినచో, ఢిల్లీలో జరుగు విచారణను గూడ ప్రజలు సరిగా తూచగలుగుదురు. అట్టి పాఠకులను తయారుచేయుటయే ఈ గ్రంథాలయపు రాబోవు పాతికేండ్ల పనియగు గాక!