తీగ లేని కరెంటు, తొందరపడ్డ ఒప్పందం: తెలంగాణకు పదిహేనేళ్ల విద్యుత్ ప్రణాళిక ఎందుకు?

(తెలంగాణ ఆవిర్భావ దినోత్సవం సందర్భంగా 2025 జూన్‌లో సింగపూర్‌లోని పాయా లేబర్‌లో మనవాళ్లు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)

జై తెలంగాణ.

పండుగ పూట ఈ మెగావాట్ల లెక్కలేందని అనుకోకండి. రాష్ట్రం కోసం కొట్లాడిన రోజుల్లో మనల్ని ఎక్కువగా భయపెట్టింది కరెంటు పేరు చెప్పే. "తెలంగాణ వస్తే చీకట్లే" అన్నారు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లే అన్నారు. పదకొండేళ్లలో ఆ మాట తప్పని తేలిపోయింది. కానీ ఎట్ల తేలిందో మనలో చాలామంది పట్టించుకోలేదు. ఒకరు "అంతా మా ఘనతే" అంటారు, ఇంకొకరు "అంతా అప్పులే" అంటారు. మనం వాట్సాప్ గ్రూపుల్లో రెండు జట్లుగా చీలి వాటినే ఫార్వర్డ్ చేస్తున్నాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కరెంటు సంగతిలో ఏ ప్రభుత్వమూ తాను విత్తింది తానే కోయలేదు. ఈ పంట చేతికి రావడానికి ఐదేళ్ల నుంచి పదేళ్లు పడుతుంది. దాని ఖర్చు మాత్రం పాతికేళ్లు కట్టాలి. అందుకే ఇది పార్టీల లెక్కగా మిగలకూడదు, రాష్ట్రం లెక్క కావాలి.

ముందు 2014 నాటి కొరత సంగతి చూద్దాం. పునర్విభజన చట్టం కింద, వాడకం ఆధారంగా, ఉమ్మడి రాష్ట్ర కరెంటులో తెలంగాణకు 53.89 శాతం వాటా వచ్చింది. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఏడు మండలాలతో పాటు 460 మెగావాట్ల దిగువ సీలేరు ఆంధ్రకు పోయింది. కృష్ణపట్నం వాటా మీద పేచీ వచ్చింది. సరే, బయట కొందామంటే ఉత్తరాదిలో కరెంటు ఉంది, మన దాకా రావడానికి తీగ లేదు.

ఈ తీగ సంగతి కొంచెం వివరంగా చెప్తాను. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతంలో గ్రిడ్ కుప్పకూలితే దక్షిణాదికి ఏమీ కాలేదు. అప్పుడు మనం సంతోషించాం. మనకేమీ కాకపోవడానికి కారణం, దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో పూర్తిగా కలవలేదు. భద్రావతి, తాల్చేరు, గాజువాక లాంటి కొన్ని డీసీ లింకులే ఉండేవి. రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌లో కలిసింది 2013 డిసెంబర్ 31న, అంటే రాష్ట్రం రావడానికి ఐదు నెలల ముందు. ఒక లైను పడితే సరిపోదు. దాని మీద తమిళనాడు, కర్ణాటక, కేరళ కూడా వరుసలో నిలబడి ఉన్నాయి.

ఛత్తీస్‌గఢ్‌తో వెయ్యి మెగావాట్లకు అవగాహన ఒప్పందం 2014 నవంబర్‌లో కుదిరింది, కొనుగోలు ఒప్పందం 2015 సెప్టెంబర్‌లో. వార్ధా నుంచి నిజామాబాద్ మీదుగా హైదరాబాద్ వైపు 765 కేవీ లైను రావాల్సి వచ్చింది. ఆ కరెంటు మనకు అందింది 2017లో. సంతకం ఒక రోజు పని. స్తంభాలకు భూమి, అడవి అనుమతి, తీగ లాగడం మూడేళ్ల పని.

ఇక ఉత్పత్తి. మన ఐటీలో సర్వర్ తక్కువైతే క్లౌడ్‌లో పది నిమిషాల్లో ఇంకొకటి తెచ్చుకుంటాం. థర్మల్ స్టేషన్ అట్ల రాదు. కొత్తగూడెం ఏడో దశ 800 మెగావాట్లు దాదాపు నాలుగేళ్లలో, 2018 డిసెంబర్‌లో పూర్తయింది. మనకున్న మంచి రికార్డు అదే. త్వరగా అయిపోతుందని పాత సబ్‌క్రిటికల్ టెక్నాలజీతో మొదలుపెట్టిన మణుగూరు భద్రాద్రి 1,080 మెగావాట్లు పూర్తయ్యేసరికి 2022 వచ్చింది. దామరచర్ల కాడ 4,000 మెగావాట్ల యాదాద్రికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగితే, మొదటి యూనిట్ గ్రిడ్‌కు ఎక్కింది 2024లో. మధ్యలో పర్యావరణ అనుమతుల చిక్కు, కోవిడ్. చట్టంలోనే రాసిచ్చిన ఎన్టీపీసీ 4,000 మెగావాట్లలో రామగుండం 1,600 పూర్తయ్యేసరికి 2024 మార్చి అయింది. మిగతా 2,400 అప్పటికి ఇంకా కాగితం మీదే ఉంది.

ఇదే కాలంలో వాడకం ఆగిందా? రాష్ట్ర పీక్ డిమాండ్ 2022 మార్చిలో 14,160 మెగావాట్లు. 2025 మార్చి 20న 17,162. మూడేళ్లలో మూడు వేలు పెరిగింది. అంటే 800 మెగావాట్ల యూనిట్లు దాదాపు నాలుగు కావాలి. మన మంచి రికార్డు నాలుగేళ్లు. చూసి చూసి కడదామంటే ఎప్పుడూ వెనకబడే ఉంటాం.

అట్లని అన్నీ ముందే కట్టి పెట్టుకుందామా? అక్కడే అసలు చిక్కు. కొనుగోలు ఒప్పందాల్లో రెండు రకాల చార్జీలుంటాయి. కరెంటు తీసుకుంటే బొగ్గు ఖర్చు కట్టాలి. తీసుకోకపోయినా ఫిక్స్‌డ్ చార్జీ కట్టాలి. అది పాతికేళ్ల బాకీ. తక్కువ కొంటే పొలాలు ఎండుతాయి, ఎక్కువ కొంటే డిస్కంలు మునుగుతాయి. 2023 డిసెంబర్‌లో అసెంబ్లీలో పెట్టిన శ్వేతపత్రం విద్యుత్ సంస్థల అప్పు 81,516 కోట్లని చెప్పింది. ఆ అప్పుకు కారణాలేమిటో పార్టీలు వాదించుకోనీయండి. కట్టేది మాత్రం మన అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములే.

ఇంకో సంగతి. మన పీక్ మే నెల ఎండల్లో రాదు, మార్చిలో వస్తుంది. కారణం యాసంగి వరి. పాతిక లక్షలకు పైగా వ్యవసాయ మోటర్లు ఒక్కసారిగా తిరిగేది అప్పుడే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చాం. రాత్రిపూట స్టార్టర్ డబ్బా కాడికి పోయి పాము కాట్లకు, షాకులకు మనుషులు పోయిన రోజుల నుంచి ఇది పెద్ద మార్పు. దాన్ని వెనక్కి తీసుకోమని నేను అనను. కానీ సోలార్ కరెంటు వచ్చేది పగలే, మోటర్లకు కరెంటు కావాల్సిందీ పగలే. ఈ రెండింటినీ ఊరి సబ్‌స్టేషన్ కాడే కలపవచ్చు. తెలంగాణ మొదట్లో పెద్ద సోలార్ పార్కుల జోలికి పోకుండా జిల్లాల్లో సబ్‌స్టేషన్ల పక్కన ప్లాంట్లు పెట్టించింది. అది మంచి దారి. తీగ ఖర్చు తగ్గుతుంది, దారిలో నష్టమూ తగ్గుతుంది.

మరి పొద్దుగూకినంక? బొగ్గు యూనిట్‌ను మధ్యాహ్నం సగానికి దించి, సాయంత్రం ఏడింటికి మళ్లీ నిండుగా ఎక్కించడం తేలిక కాదు. 2030 నాటికి అదనంగా 20,000 మెగావాట్ల హరిత విద్యుత్ తెస్తామని ఈ ఏడాది ప్రకటించిన విధానం చెప్తోంది. దాంతో పాటు నిల్వ కూడా కావాలి. మన చేతిలోనే కొంత ఉంది. శ్రీశైలం ఎడమగట్టులో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, సాగర్‌లో 100 మెగావాట్ల చిల్లర యూనిట్లు ఏడు, రెండు దిక్కులా తిరిగేవే. మిగులు ఉన్నప్పుడు నీళ్లు పైకి ఎత్తి, కొరత ఉన్నప్పుడు కిందికి వదలవచ్చు. అయితే కృష్ణా నీళ్ల పంచాయతీ తెగకుండా దీన్ని పూర్తిగా వాడుకోలేం. అంటే నీళ్ల ఒప్పందం కూడా కరెంటు ప్రణాళికలో భాగమే.

ఇప్పుడు మనం ఉంటున్న ఈ ఊరు చూడండి. సింగపూర్‌కు బొగ్గు లేదు, జలవిద్యుత్ తీయదగ్గ నది లేదు, 95 శాతం దాకా కరెంటు దిగుమతి చేసుకున్న గ్యాస్ నుంచే. పీక్ దాదాపు 8 వేల మెగావాట్లు, అంటే మన రాష్ట్రంలో సగం. అయినా ఆయర్ రాజా నుంచి ఈ పాయా లేబర్ దాకా 16.5 కిలోమీటర్ల సొరంగం తవ్వి, దాదాపు 60 మీటర్ల లోతులో హైవోల్టేజ్ కేబుళ్లు వేశారు. ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత రోడ్డు తవ్వాల్సిన పని రాకూడదని. రాబోయే ఏళ్ల డిమాండ్ అంచనాను ఇక్కడి ఎనర్జీ మార్కెట్ అథారిటీ ప్రచురిస్తుంది. ఎవరైనా చదవవచ్చు.

ఇంత చేసినా 2019లో కొత్త డేటా సెంటర్లకు అనుమతులు ఆపాల్సి వచ్చింది. మళ్లీ తెరిచింది 2022లో, అదీ షరతులతో. మన హైదరాబాద్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ 60 వేల కోట్ల పెట్టుబడిని ఈ జనవరిలో దావోస్‌లో ప్రకటించారు. సంతోషం. కానీ డేటా సెంటర్‌కు పగలూ రాత్రీ లేదు, మార్చి మేలూ లేవు. ఆ లోడ్ ఏ సబ్‌స్టేషన్ మీద పడుతుంది, ఆ లైను ఎవరి ఖర్చు? యాసంగిలో రైతు మోటరుకూ డేటా సెంటర్‌కూ ఒకేసారి కరెంటు చాలకపోతే ఎవరిది కట్ చేస్తారు? ఈ ప్రశ్న ఇప్పుడు అడగకపోతే దానికి జవాబు రైతు మీదే రాస్తారు.

మరి ఇంత దూరంలో ఉండి మనం ఏం చేయగలం? చేయగలం. డిస్కంలు 2024–29, 2029–34 కాలాలకు లోడ్ అంచనాలు, వనరుల ప్రణాళికలు విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పించాయి. ఇలాంటి వాటి మీద మండలి అభ్యంతరాలు తీసుకుంటుంది, బహిరంగ విచారణ పెడుతుంది. మనలో సగం మంది రోజూ ఎక్సెల్‌లోనే బతుకుతున్నాం. ఆ పట్టికలు చదివి, మూడు ప్రశ్నలు అడుగుదాం. ఒకటి, ప్రతి కొత్త ప్లాంటుతో పాటు దాని లైనూ అదే తేదీకి పూర్తవుతుందా? రెండు, డిమాండ్ అంచనా తప్పితే ఫిక్స్‌డ్ చార్జీ భారం ఎంత? మూడు, టెండర్ లేకుండా ఏదైనా కాంట్రాక్టు ఇస్తే కారణం బయట పెడతారా? ప్రభుత్వం మారితే ప్రశ్నలు మారకూడదు. నిన్న అడిగినవాళ్లు ఇవాళ మౌనంగా ఉండకూడదు, నిన్న మౌనంగా ఉన్నవాళ్లు ఇవాళే కొత్తగా కనుక్కున్నట్టు మాట్లాడకూడదు.

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం. మన నీళ్లలో ఎక్కువ భాగం కరెంటుతోనే పైకి వస్తాయి. కాళేశ్వరంలో లక్ష్మీపూర్ పంప్‌హౌస్ ఒక్కదాంట్లోనే 139 మెగావాట్ల మోటర్లు ఏడు ఉన్నాయి. మన లెక్క మనమే వేసుకునే హక్కు కోసమే రాష్ట్రం తెచ్చుకున్నాం. 2035లో ఎంత కరెంటు కావాలో లెక్క వేయాల్సింది ఈ ఏడే. ఆ లెక్క మన కళ్ల ముందు జరగాలి.

జై తెలంగాణ.